తొండం విరిగిన ఏనుగు

కొండపల్లి బొమ్మ, పెడన అద్దకం దుప్పటి... మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. వాటిని అమ్మేచోట కాకుండా పుట్టేచోట చూద్దామని బయలుదేరితే, కృష్ణా డెల్టా దారి పొడవునా ఎన్నో సంగతులు చెప్పింది...

సంక్రాంతికి బొమ్మల కొలువు పెడదామని అటక మీది ట్రంకుపెట్టె దింపితే, పాత చీర ముక్కలో చుట్టిన ఏనుగు అంబారీ బయటపడింది. మా అమ్మమ్మ కొన్న కొండపల్లి బొమ్మ అది. ఎర్రటి అంబారీ, అందులో రాజుగారు, మెడ మీద మావటి... అందరూ క్షేమంగానే ఉన్నారు. ఏనుగు తొండం మాత్రం సగానికి విరిగిపోయింది.

‘పారేద్దాం అమ్మా, కొత్తది కొనుక్కోవచ్చుగా’ అంది మా అమ్మాయి.

తప్పు దానిది కాదు. విరిగితే పారేయడమే తప్ప మరో దారి లేని వస్తువుల మధ్య పెరుగుతున్న పిల్ల. పోయిన పుట్టినరోజుకు వచ్చిన ప్లాస్టిక్ కారుకు వారం తిరక్కుండానే చక్రం ఊడింది. తిరిగి బిగిద్దామంటే మరలేదు. లోపల చూద్దామంటే మూత లేదు. కొన్న దుకాణానికి తీసుకెళ్తే ‘ఇవి బాగుచేసేవి కావండీ’ అని నవ్వేశాడతను. మరి ఈ ఏనుగు సంగతేమిటి? బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారా? విజయవాడలో ఉండి ఆమాట తెలుసుకోవడానికి ఎంతసేపు? కొండపల్లి 20 కిలోమీటర్లేనాయె!

ఈమధ్య పెద్ద కంపెనీల ప్రకటనల్లో ‘సస్టెయినబిలిటీ’ అనే మాట తరచూ కనిపిస్తోంది. మన భాషలో చెప్పుకోవాలంటే, రేపు పుట్టబోయేవాళ్ల వాటా తినేయకుండా ఇవాళ్టి పని జరుపుకోవడం. స్టాక్ మార్కెట్లో నమోదైనవాటిలో మొదటి 1000 కంపెనీలు ఎంత నీరు వాడిందీ, ఎంత కరెంటు ఖర్చుచేసిందీ, ఎంత చెత్త మిగిల్చిందీ ఏటా నివేదికలో చెప్పి తీరాలని సెబీ నిబంధన పెట్టింది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి అది తప్పనిసరి. అయితే లెక్కలన్నీ చివర్లో రాసుకుంటే లాభమేముంది? వస్తువుకు నమూనా గీసేటప్పుడే ఆలోచించాలి. దేనితో చేస్తున్నాం? చేయగా ఏం మిగులుతుంది? పాడైతే బాగవుతుందా? చివరికి ఎక్కడికి పోతుంది?

మా అమ్మాయి నోటుపుస్తకంలో ఈ నాలుగు ప్రశ్నలూ రాయించి, ఏనుగును సంచిలో పెట్టుకుని బయలుదేరాం.

చింతపిక్కల వైద్యం

భవానీపురం, గొల్లపూడి దాటి హైదరాబాద్ హైవే మీద వెళుతుంటే ఎడమవైపు కృష్ణమ్మ తోడొస్తూ ఉంటుంది. ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీ రేవు. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి కాలువలో వచ్చిన గోదావరి నీళ్లు 2015 నుంచి కృష్ణలో కలిసేది ఇక్కడే. ఆ పక్కనే ఆకాశాన్ని తాకుతున్నట్టుండే పొగగొట్టాలు... అది నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు కాల్చగా మిగిలే బూడిదతో ఇటుకలు చేస్తారని మావారు చెబుతుంటే, మా అమ్మాయి అప్పుడే పుస్తకం తీసి రెండో ప్రశ్న కింద ‘బూడిద - ఇటుకలు’ అని రాసేసుకుంది. ఇంకా అసలు ఊరు రానేలేదు!

కొండపల్లి అనగానే కొండమీద కోట కనిపిస్తుంది. రెడ్డిరాజుల కాలం నాటి ఆ కోట గజపతుల నుంచి శ్రీకృష్ణదేవరాయలకు, ఆ తరువాత గోల్కొండ నవాబులకు చేతులు మారింది. రాజులందరూ పోయారు. కొండ దిగువన బొమ్మలు చేసేవాళ్లు మాత్రం మిగిలారు. వీళ్లను ఆర్యక్షత్రియులంటారు. కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని వాళ్ల పెద్దలు చెప్పుకునే మాట.

బొమ్మల కాలనీలో ప్రతి ఇల్లూ ఒక కార్ఖానానే. ఒక అరుగు మీద దశావతారాలు ఎండుతున్నాయి. ఇంకో గుమ్మంలో ఎడ్లబండ్లు, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికులు వరసగా నిలబడ్డారు. ఓ ఇంటి ముందు కూర్చుని ఆకురాయితో గుర్రం వీపు నునుపు చేస్తున్న పెద్దాయనకు మా ఏనుగును చూపించాం. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. అరచేతిలో పెట్టి బరువు చూశారు.

‘మంచి పొణికి కర్రమ్మా ఇది. మా నాన్నగారి కాలం నాటి పని. తొండం పెట్టొచ్చు. కాసేపు కూర్చోండి’ అన్నారు.

తెల్ల పొణికి. కొండపల్లి బొమ్మకు ప్రాణమంతా ఆ కర్రలోనే ఉంది. దూదిలా తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది. పచ్చి కర్రలోని చెమ్మంతా పోయేలా సన్నని సెగ మీద కాచి ఆరబెడతారు. ఇక చెక్కడంలో ఉంది అసలు కిటుకు. బొమ్మనంతా ఒకే దుంగ నుంచి చెక్కరు. ఒళ్లు వేరుగా, కాళ్లు చేతులు వేరుగా, చెవులు తొండాలు వేరుగా చెక్కి అతికిస్తారు. అలా చేయడంవల్ల పెద్ద ముక్క చెక్కగా మిగిలిన పేళ్లే చిన్న అవయవాలైపోతాయి. మరి రాలిన పొట్టు? దాన్ని చింతపిక్కల పిండితో కాచిన జిగురులో కలుపుతారు. దానిపేరు మక్కు. అతుకులు పూడ్చేదీ, ముక్కూ మొహమూ తీర్చేదీ ఆ మక్కే. తరువాత సుద్ద పూత, ఆపైన రంగులు. కనురెప్పలు, నగలు దిద్దడానికి మేక వెంట్రుకలతో కట్టిన కుంచెలు.

మేం చూస్తుండగానే గంపలోంచి ఓ పేడు తీసి, ఉలితో నాలుగు దెబ్బలు కొట్టేసరికి వంపు తిరిగిన తొండం తయారైంది. మక్కుతో అతికించి, ‘రంగు రేపు వేసుకోవాలి. ఇవాళ ఆరనివ్వండి’ అన్నారు.

‘ఎక్కడ విరిగినా బాగుచేస్తారా తాతగారూ?’ అడిగింది మా అమ్మాయి.

‘ముక్కలు అతికించి చేసిందే కదా తల్లీ. విరిగిన ముక్క మళ్లీ అతుక్కుంటుంది.’

ఎంత చిన్నమాట! ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా బోర్డు మీద రాసుకోదగ్గది. బాగుపడే గుణం వస్తువుకు తరువాత అంటించేది కాదు, పుట్టుకలోనే రావాలి. పోయినది పోయినట్టు పారేయాల్సిన ప్లాస్టిక్ కారుకు చక్రం ఊడటం ప్రమాదమే కావచ్చు. దాన్ని మళ్లీ పెట్టలేకపోవడం మాత్రం ఎవరో కాగితం మీద గీసి నిర్ణయించిందే.

చెట్టు లేకపోతే...

ఇదంతా విని, మన పాతవాళ్లు అన్నీ తెలిసే చేశారు, ఇక నేర్చుకోవాల్సింది ఏమీ లేదు అనుకుంటే పొరపాటు. పెద్దాయన్ని మొదటి ప్రశ్న అడిగాం. కర్ర ఎక్కడినుంచి వస్తుంది?

ఆయన ఖిల్లా వైపు చెయ్యి చూపించారు. ‘ఒకప్పుడు ఆ వెనక కొండల్లోనే కావలసినంత దొరికేది. ఇప్పుడు లోపలికి, ఇంకా లోపలికి పోవాలి. దొరికినా సన్నది దొరుకుతుంది. మా తాతలు కొట్టుకున్నారు, మా నాన్నలు కొట్టుకున్నారు, మేమూ కొట్టుకున్నాం. నాటినవాళ్లం తక్కువ.’

పొణికి విత్తనాలు చెట్టు నుంచి రాలుతూనే ఉన్నాయి. చెట్టు తన పని తాను చేస్తూనే ఉంది. కానీ ఒకపక్క బొమ్మలకు, ఇంకోపక్క వంటచెరకుకు నరుకుతూ, కొండలను తొలుస్తూ పోతే ఆ విత్తనం ఎక్కడ మొలుస్తుంది? మొక్కలు పెంచే ప్రయత్నాలు జరిగాయి. కానీ చెట్టు ఎదగడానికి ఏళ్లు కావాలి. బొమ్మ చేయడానికి రోజులు చాలు. ఆ రెండు గడియారాల మధ్య తేడానే కొండపల్లి కష్టమంతా.

సహజమైన సరుకుతో చేశాం కాబట్టి ప్రకృతికి మేలు చేసినట్టే అని మనం అనుకుంటాం. అక్కడే లెక్క తప్పుతుంది. కర్ర సహజమే. తిరిగి పెరిగే వేగానికి మించి నరికితే అదీ బొగ్గులాగే తరిగిపోతుంది. నేల నుంచి తీసుకున్నది తిరిగి పెట్టే ఖర్చు వస్తువు ధరలో చేరాలి. బొమ్మ ధరలో ఉలి కూలి ఉంది, రంగు ఖరీదు ఉంది, దుకాణం అద్దె ఉంది. మొక్క నాటి, నీళ్లు పోసి పెంచే ఖర్చు మాత్రం లేదు. దాన్ని ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు. పైపెచ్చు, ‘కర్రబొమ్మకు ఇంతా?’ అని బేరమాడాం.

మెరుపు ఎవరు అడిగారు?

ఇంకో సంగతి రంగులది. పాతరోజుల్లో చెట్ల నుంచి, రాళ్ల నుంచి తీసిన రంగులు వాడేవాళ్లు. తరువాత డబ్బాల్లో దొరికే ఎనామిల్ వచ్చింది. తళతళా మెరుస్తుంది, త్వరగా పని అయిపోతుంది, తడి తగిలినా చెదరదు. ‘కొనేవాళ్లు మెరుపే అడిగేవాళ్లమ్మా’ అన్నారు పెద్దాయన. ఇప్పుడు మళ్లీ ప్రకృతి రంగులతో చేసే ఇళ్లూ ఉన్నాయి. రెండూ పక్కపక్కనే పెట్టి చూపించారు. ఒకటి పెళ్లిపందిరిలా మెరిసిపోతోంది. రెండోది పసుపు రాసిన గడపలా నెమ్మదిగా ఉంది.

మెరుపు గురించి ఎందుకింత చర్చ అంటే, పసిపిల్లలు బొమ్మను ముందు చేత్తో పట్టుకుంటారు, మరుక్షణం నోట్లో పెట్టుకుంటారు. కొన్ని పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2007లో ప్రపంచ ప్రసిద్ధి చెందిన బొమ్మల కంపెనీ మాటెల్, రంగులో సీసం ఎక్కువగా ఉందని తేలడంతో చైనాలో చేయించిన లక్షల బొమ్మలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంత పెద్ద కంపెనీకి, తన బొమ్మకు పూసిన రంగు ఎక్కడినుంచి వచ్చిందో సమయానికి తెలియకపోయింది! మనదేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదని 2016లో నిబంధన చేశారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. చేతివృత్తులవాళ్లుగా నమోదైనవారికి, కొండపల్లిలా భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు.

చిన్న కార్ఖానాలకు ఆ మినహాయింపు ఊపిరే. పరీక్షల ఖర్చు వాళ్లు ఎక్కడ భరించగలరు? కానీ పరీక్ష లేనంత మాత్రాన బాధ్యత పోదు కదా. దానికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలకు చెట్ల ఆకులు, బెరళ్లు, గింజల నుంచి తీసిన రంగులను తిరిగి అలవాటు చేయడానికి సి.వి.రాజుగారు ఏళ్లతరబడి కృషిచేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రంగు మార్చడమంటే డబ్బా మార్చడం కాదు. ఏ ఆకు ఏ ఋతువులో ఎంత రంగు ఇస్తుందో మళ్లీ నేర్చుకోవడం. చదువులాంటి పని అది.

చక్కెర దారిలో...

మర్నాడు పొద్దున్నే మచిలీపట్నం రోడ్డు పట్టాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర్నుంచి బయలుదేరే బందరు కాలువ చాలాదూరం కనుచూపుమేరలోనే ఉంటుంది. 1850లలో కాటన్ దొర ఆలోచనతో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ బెజవాడ నడిబొడ్డు నుంచే డెల్టాలోకి సాగిపోతాయి. ఊరు నిద్రలేచే వేళకు కాలువ గట్టు మీద కనిపించేది మాత్రం అంత ముచ్చటైన దృశ్యం కాదు. పాలిథిన్ సంచులు, టిఫిన్ పొట్లాలు, దండల దారాలు... ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ సంగతి కాలువకు ఇంకా తెలిసినట్టులేదు. ‘ఇవన్నీ ఎక్కడికి పోతాయి?’ అని అడిగింది మా అమ్మాయి. ‘కిందికి’ అన్నాం. ‘కిందంటే?’ అంది. జవాబు సాయంత్రానికి గానీ దొరకలేదు.

కంకిపాడు దాటితే ఉయ్యూరు. ఆ పేరు వింటే డెల్టావాళ్లకు కేసీపీ చక్కెర కర్మాగారమే గుర్తుకొస్తుంది. చక్కెర తయారీ తెలిసినవాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. 100 కిలోల చెరకు ఆడితే చక్కెర వచ్చేది సుమారు 10 కిలోలే. చెమ్మతో కూడిన పిప్పి 30 కిలోల దాకా ఉంటుంది. నాలుగు కిలోల వరకు మొలాసిస్, మూడు కిలోల చొప్పున మడ్డి. ఆ పిప్పినే బాయిలర్లో వేసి ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితోనే మిల్లు నడుపుతారు. మొలాసిస్ డిస్టిలరీకి, మడ్డి ఎరువుగా పొలానికి. మన ఊళ్లలో బెల్లం వండే పొయ్యి కూడా ఇంతే కదా! రసం పెనంలోకి, ఎండిన పిప్పి పొయ్యిలోకి.

పరిశ్రమ అంటే పొగ, మురుగు అని మాత్రమే అనుకునే మాకు ఈ లెక్క నచ్చింది. మిగిలినదానికి ముందే చోటు చూపించి కట్టిన యంత్రాంగం ఇది. అలాగని ఇక్కడితో అంతా శుభ్రమనీ అనలేం. డిస్టిలరీలో మిగిలే నల్లటి నీటిని సరిగా శుద్ధిచేయకుండా వదిలితే పంటకాలువలో చేప బతకదు. అంటే, వంద కిలోల్లో 97 కిలోలకు దారి చూపించినా, మిగిలిన ఆ కాస్తను ఏం చేశారన్నదే ఏ కర్మాగారానికైనా అసలు పరీక్ష.

ఉయ్యూరులో కొన్న బెల్లం ముక్క నములుతూ పామర్రు, గుడివాడ మీదుగా పెడన చేరాం. ఆ బెల్లానికి పెడనలో ఇంకో పని ఉందని అప్పటికి మాకు తెలియదు.

నీటి మీద రాసిన రంగు

పెడనలో ఏ వీధికి వెళ్లినా టక్, టక్ మని ఒకటే చప్పుడు. పొడవాటి బల్ల మీద పరిచిన బట్టపై టేకు అచ్చును పెట్టి అరచేత్తో చరిచే చప్పుడది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ అచ్చుతో అద్దుతారు. రెండూ కలంకారీలే.

మేం వెళ్లిన కార్ఖానాలో మేస్త్రిగారు మొదట చూపించింది ఓ కుండ. మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. లోపల తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లు. ‘ఇది మా నలుపండీ. దీన్ని కసిం అంటాం. కొన్నివారాలు ఊరితే గానీ పనికిరాదు’ అన్నారు. బట్టకు ముందే కరక్కాయ కషాయం, పాలు కలిపి పట్టించి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. ఎరుపు ఇంకా చిత్రం. ఎర్రగా రావాల్సిన చోట అద్దేది పటిక. అప్పటికి అక్కడ ఎరుపే ఉండదు. బట్టను ఉతికి, రాగి కాగులో రంగుతోపాటు మరిగిస్తే, పటిక అద్దినచోటల్లా ఎర్రపూలు తేలి వస్తాయి. దానిమ్మ తొక్క, కరక్కాయలతో పసుపు. నీలికి నీలిమందు.

వీటన్నిటికంటే ముఖ్యమైన సరుకు ఏది అని అడిగితే, ఆయన బయటికి తీసుకెళ్లి కాలువ చూపించారు.

‘నీళ్లండీ. పారే నీళ్లు. అద్దిన తరువాత ఉతికేటప్పుడు ఎక్కువైన పటిక, కసిం వెంటనే కొట్టుకుపోవాలి. నిలవ నీట్లో ముంచితే అది తెల్లటి జాగాకు అంటుకుని బట్టంతా మరకలైపోతుంది. బోరు వేద్దామంటే సముద్రం దగ్గర, ఉప్పు నీళ్లు. ఉప్పు నీటికి రంగు తేలదు. ఎండాకాలం కాలువ కట్టేస్తే మా పనీ సగం కట్టేసినట్టే.’

బెజవాడ మీదుగా పారే తూర్పు డెల్టా కాలువల నీరే ఈ చివరి భూములకు అందాలి. మా అమ్మాయి కాలువ గట్టున నిలబడి చూస్తోంది. నీళ్ల మీద ఓ పాలిథిన్ సంచి తేలుకుంటూ వచ్చి, మెట్ల దగ్గర చిక్కుకుంది. ఉతుకుతున్న మనిషి దాన్ని తీసి గట్టు మీదికి విసిరాడు. అలాంటివి అప్పటికే అక్కడ ఓ కుప్ప ఉంది. అది బెజవాడదో, దారిలో ఏ ఊరిదో ఎవరు చెప్పగలరు? కానీ పొద్దున అడిగిన ‘కిందంటే?’కు జవాబు మాత్రం దొరికేసింది. పారేయడం అనే పనికి చివర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు.

పెడన అద్దకం మొత్తం చెట్టూచేమల నుంచే వస్తుందని చెబితే అదీ పూర్తి నిజం కాదు. ఒకప్పుడు ఈ తీరంలో చిరివేరుతో ఎరుపు తీసేవారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరు రేవులో దిగింది ఆ రంగుల బట్టల కోసమే. మన బట్టల దెబ్బకు తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1721లో వీటిపై ఆంక్షలు పెట్టాయి. 1864 ఉప్పెన బందరును ముంచేసి 30 వేల మంది ప్రాణాలు తీసింది. ఆ తరువాత నాలుగేళ్లకే, 1868లో గ్రేబ్, లీబర్మాన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరు తవ్వేవాళ్ల చేతిలో పని పోయింది. ఇప్పుడు ఇక్కడ చాలా కాగుల్లో మరిగేది ఆ అలిజరినే. కాగు కింద మండేది కట్టెలే. మేస్త్రిగారు అవేమీ దాచలేదు. ‘ఉన్నది ఉన్నట్టు చెబితేనే కదండీ మాకూ విలువ’ అన్నారు.

ఆ మాట విన్నాక కంపెనీల ప్రకటనలు గుర్తొచ్చాయి. పొట్లం మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద ‘నేచురల్’ అని ఒక్క మాట. ఏది నేచురల్? ఎంత? మిగిలింది ఏమిటి? చెప్పరు. పెడన మేస్త్రి చెప్పగలిగింది, అంతంత ప్రయోగశాలలున్న సంస్థలు ఎందుకు చెప్పలేవు?

పెడనకు అసలు పోటీ వాళ్లతో కూడా కాదు. అవే లతలు, అవే నెమళ్లు కాపీకొట్టి, రసాయన రంగులతో స్క్రీన్ ప్రింటింగ్ చేసి కలంకారీ పేరుతో అమ్మేస్తున్న బట్టలతో. రోజులు పట్టే పనిని గంటల్లో ముగించేవాళ్లతో ధర దగ్గర ఎలా గెలుస్తారు? ‘తేడా కొనేవాళ్లకు తెలియాలండీ. అచ్చు పనిలో ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ రవ్వంత తేడా ఉంటుంది. రెండు అచ్చులు కలిసేచోట చిన్న అతుకు కనిపిస్తుంది. అదే మా సంతకం’ అన్నారాయన.

ఒక దుప్పటి తీసుకున్నాను. ధర చెప్పగానే అలవాటుగా ‘తగ్గించండి’ అనబోయి, కాలువలో మోకాళ్ల లోతున నిలబడ్డ మనిషి కనిపించి ఆగిపోయాను.

బీసెంట్ రోడ్డులో...

తిరిగొచ్చాక పండగ బట్టల కోసం బీసెంట్ రోడ్డుకు వెళ్లాం. ఓ దుకాణంలో సేల్స్ కుర్రాడు కలంకారీ చుడీదార్ ముక్క పరవగానే మా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘అంకుల్, ఇది అచ్చా? స్క్రీనా?’ అనడిగింది. అతను తెల్లబోయి, లోపలికెళ్లి ఓనరుగార్ని పిలుచుకొచ్చాడు. ఆయన కాసేపు దాని మొహంలోకి చూసి, ‘స్క్రీనేనమ్మా’ అని నవ్వి, పై అర నుంచి ఇంకో కట్ట దింపారు. అందులో పువ్వుకూ పువ్వుకూ తేడా ఉంది.

అడిగితే దింపారు. అడగకపోతే అది పై అరలోనే ఉండిపోయేది. వస్తువును మంచిగా చేయాల్సింది తయారీదారులే. వాళ్లను కదిలించాల్సినవి చట్టాలే. పెద్ద కంపెనీ మార్చుకునే ఒక్క మూత, ఒక్క రంగు, ఒక్క మర లక్షల ఇళ్లలో చెత్త తగ్గిస్తుంది. మనం ఒక్కరం ఒక దుప్పటి కొన్నంతలో పొణికి చెట్లు మొలవవు, కాలువ తేటపడదు. కానీ మెరుపు అడిగింది మనమే అని కొండపల్లి పెద్దాయన చెప్పారు కదా! మెరుపు అడిగితే మెరుపు వచ్చింది. మరమ్మతు అడిగితే, చెట్టు అడిగితే, నిజం అడిగితే అవీ ఎప్పుడో ఒకప్పుడు దుకాణంలోకి రావాల్సిందే.

ఏనుగు మళ్లీ కొలువులో నిలబడింది. కొత్త తొండం రంగు కాస్త తేడాగానే ఉంది. పేరంటానికి వచ్చినవాళ్లు ‘అయ్యో, అతుకు కనిపిస్తోందే’ అన్నారు. ‘అది బాగుచేసింది కదా ఆంటీ, అందుకే’ అంది మా అమ్మాయి, గొప్పగా.

ఎలా వెళ్లాలి?

కొండపల్లికి విజయవాడ నుంచి సిటీ బస్సులు, ఆటోలు ఉంటాయి. రైల్వేస్టేషన్ కూడా ఉంది. బొమ్మల కాలనీ, ఖిల్లా ఒకే రోజులో చూడొచ్చు. పెడనకు విజయవాడ నుంచి గుడివాడ మీదుగా వెళ్లొచ్చు. గుడివాడ - మచిలీపట్నం రైలు మార్గంలో పెడన స్టేషన్ వస్తుంది. అద్దకం, ఉతుకు రెండూ చూడాలంటే కాలువల్లో నీళ్లున్న రోజుల్లో, పొద్దుటిపూట వెళ్లండి. ఇంట్లో విరిగిన కొండపల్లి బొమ్మ ఉంటే వెంట తీసుకెళ్లడం మరిచిపోకండి.